నాపరాయి ముక్కలు, మస్తాన్ మామ తెల్ల చొక్కా

శుక్రవారం, ప్రొద్దుటూరు

పొద్దున తొట్టిలో ఇంకో రెండు చేపలు చచ్చి తేలాయి. తొట్టి పైన రాళ్లు పోసిన ట్రేలో పెట్టిన పుదీనా కూడా పాలిపోయింది. చేపల నీళ్లు మొక్కలకు, మొక్కల్లోంచి దిగిన నీళ్లు మళ్లీ చేపలకు అని ఇంట్లో ఎన్ని గొప్పలు చెప్పానో.

ఇది పక్కింటి మస్తాన్ మామ పనే అని వారం నుంచి అనుమానం. పోయిన నెల ఆటపట్టించడానికి ఆయన చెప్పులు అరుగుకు మేకులతో కొట్టింది నేనే కదా. ఆ కోపంతో గోడెక్కి ఏదో కలుపుతున్నాడని, నిన్న గోడ అంచుకు ట్రాక్టర్‌లోంచి తీసిన పాత నల్ల ఆయిలు పూశాను. మరకతో దొరుకుతాడులే అనుకున్నాను.

సాయంత్రం చేపపిల్లలు అమ్మినాయనకు ఫోన్ చేశాను.

"ఏం రాళ్లు పోసినావప్పా?"

"నాపరాయి ముక్కలు. జమ్మలమడుగులో పాలిష్ ఫ్యాక్టరీ కాడ ఊరికే పారేసింటే తెచ్చినా."

"అది సున్నపురాయి గదప్పా. నీళ్లలోకి సున్నం దిగుతాంది, చేపలు తట్టుకోలేవు. కావాలంటే ఆ రాయి మీద నిమ్మకాయ పిండి చూడు, సున్నమైతే పొంగుతాది."

పిండాను. రాయి మీద సన్నగా బుడగలు పొంగాయి.

"ఏందిరా అల్లుడా, రాళ్లకు నిమ్మరసం తాపుతాండావా?"

తలెత్తితే మస్తాన్ మామ. గోడ అంచుకు పొట్ట ఆనించి నవ్వుతున్నాడు. నమాజుకు వేసుకున్న తెల్ల చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది.

రాళ్లన్నీ ఎత్తిపోసి, మిగిలిన చేపల్ని వేరే డ్రమ్ములోకి మార్చాను. బతుకుతాయో లేదో...

ఇందాక గోడవతల అత్త గొంతు వినిపించింది. "ఈ నలుపు యాడ పూసుకోనొచ్చినావు?"

కాసేపటికి మామ టార్చి వెలుగు గోడ అంచు వెంబడి మెల్లగా నడిచి, మా పెరట్లోకి దిగింది.