హులిగెమ్మ గీసిన బోరు

మంగళవారం, రాయచూరు

ఊరి పటం జనంతోనే గీయించాలని, అందరికంటే బలహీనుల్ని ముందు మాట్లాడించాలని మా స్వచ్ఛంద సంస్థ శిక్షణలో నేర్పారు. నిన్న పత్తి కూలికి పోయే హులిగెమ్మ చేతికి నేనే ముగ్గుపిండి ఇచ్చాను. ఆమె నేల మీది పటంలో పటేలు ఇంటి ముందున్న బోరు గీసి, "మా వాడోళ్లను ఈడ నీళ్లు పట్టుకోనియ్యరు" అంది. అందరిచేతా చప్పట్లు కొట్టించాను. పటేలు అక్కడే నిలబడి చూశాడు.

ఈరోజు వెళితే ఆమె పనికి పోలేదు. పటేలు చేలోకి ఇక రావద్దన్నారట.

"నువ్వు అడిగినవని చెప్పిన, అక్కా. నువ్వు పొద్దుమూకంగ బస్సెక్కి పోయినవు. నేనేడికి పోవాలె?"

థర్మల్ ప్లాంటులో కూలిపని ఏమైనా ఉందేమో కనుక్కుంటానన్నాను. అక్కడ నాకు తెలిసినవాళ్లెవరూ లేరు.

ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.