నాన్న తెల్ల మఫ్లరు

కోదాడ, కార్తీకం చలి

అమ్మకు,

నేనూ, కడుపులో బిడ్డా క్షేమం. బిడ్డకని క్రోషా సూదితో ఊలు దుప్పటి ముక్కలు అల్లుతున్నాను. ఒక్కో ముక్కలో ఎర్ర ఊలు వల, తెల్ల ఊలు వల ఒకదాని కళ్లలోంచి ఒకటి దూరుతూ కలిసి పెరగాలి. మొన్న తెల్ల దారాన్ని ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ మార్చకుండా ప్రతి వరుసలోనూ వెనకే పోనిచ్చాను; ఎత్తి చూస్తే రెండు వలలూ వేరుగా ఊడొచ్చాయి.

“బజార్ల రగ్గు దొర్కదా, ఎందుకే గింత తిప్పలు?” అంది అత్తమ్మ.

“దొర్కుతది, నాకొద్దత్తమ్మా” అని మొత్తం విప్పి మళ్లీ మొదలుపెట్టాను.

తెల్ల ఊలు చాలదు. నాన్న పోయాక నువ్వు పెట్టెలో దాచిన ఆయన మఫ్లరు తమ్ముడితో పంపు. బర్రె ఈనిందా? మఫ్లరు ఇవ్వనంటావని తెలుసు. విప్పడానికి నీకు చేతులు రాకపోతే అలాగే పంపు, నేను విప్పుతాను. నాన్న ఎలాగూ ఈ బిడ్డను ఎత్తుకోలేడు, ఆయన ఊలైనా చుట్టుకోనీ.

ప్రభువు నీకు తోడు.

సారమ్మ