ఆవు నాకుతున్న ఖాళీ

జూన్ 3, సోమవారం

ఆకాశం సగం తడిగా ఉండగా ఫోన్ మోగింది. వాటర్ కలర్ వేసేవాళ్లకు ఫలానా వేళల్లోనే ఫోన్ చేయాలని ఒక చట్టం తేవాలి. తీయకూడదనే కూర్చున్నాను. పక్క గదిలోంచి ఆయన, ఫోనే, ఫోను, అని కేకేశారు. ఆయనకు నా మాటలు వినపడవు కానీ ఫోన్ మాత్రం వినపడుతుంది. తీసి, మాట్లాడి, తిరిగొచ్చేసరికి మేఘం అంచున తడి పాకి కాలీఫ్లవర్ లాంటి మరక లేచింది. రెండు గంటల పని చెత్తబుట్టకు.

చేసింది పశువుల ఆసుపత్రి కొత్త డాక్టరమ్మ. ముందు ఆంటీ అంది. ఆవిడకు నేను ఏ వరసన ఆంటీనయ్యానో అడుగుదామనుకున్నాను, ఈలోగా అసలు సంగతి చెప్పింది. వెయిటింగ్ హాల్లో నా బొమ్మ ఒకటి పంతొమ్మిదేళ్లుగా వేలాడుతోంది, అప్పుడే పుట్టిన దూడను ఆవు నాకుతున్నది. పాత డాక్టరు అడిగి మరీ పెట్టించుకున్న బొమ్మ. అది బాగా వెలిసిపోయిందట. నెలాఖరులో గోడలకు రంగులు వేయిస్తున్నారట. ఈలోగా దాన్ని బాగుచేసి ఇస్తే సరే, లేదంటే తీసుకెళ్లిపోవచ్చట. ఆ చోటికి నవ్వే కుక్కపిల్ల పోస్టరు చూసి పెట్టారట.

నవ్వే కుక్కపిల్ల. కుక్కలు నవ్వవు. పళ్లు కనిపిస్తే నవ్వు అనుకునే మనిషి పశువైద్యం ఎలా చదివిందో, ఎవరు పాస్ చేశారో.

ఏమీ అనుకోవద్దని కూడా అంది. పొద్దున్నుంచి అదే పని మీద ఉన్నాను, అనుకుంటూ.

జూన్ 4

పళ్లు తోముకుంటుంటే గుర్తొచ్చింది. ఆ గోడకు ఎదురుగా పడమటి కిటికీ. తప్పు వాళ్లది.

జూన్ 5, బుధవారం

వెళ్లాను. ఫినాయిలు వాసన, తడి కుక్కల వాసన, అట్టపెట్టెలో ఎవరిదో చిలుక. కాంపౌండర్ పాత డాక్టరు నాటివాడే, తల ముగ్గుబుట్టయింది. నన్ను చూడగానే రండమ్మగారూ అని బెంచీ తుడిచాడు. కూర్చోవడానికి రాలేదన్నాను.

బొమ్మ చూశాను.

ఆవు ఉంది. చెక్కుచెదరలేదు. తల వంచి, నాలుక చాపి, కళ్లు సగం మూసి, ఎంతో ఇష్టంగా తెల్లకాగితాన్ని నాకుతోంది. దూడ లేదు. పాలిపోవడం కాదు, లేదు. నేను పెన్సిలు గీతలు గీయను, గీసేవాళ్లను చూసి నవ్వుతాను, కాబట్టి గీత కూడా మిగల్లేదు. మిగిలినవి రెండు గోధుమరంగు చుక్కలు. ఒకటి కన్ను, ఒకటి ముక్కు. అవి ఈగలు పెట్టిన మచ్చలనుకుని ఊడ్చే మనిషి రోజూ అద్దం తుడుస్తోందట. పాపం, ఎంత తుడిచినా పోవట్లేదని కంప్లయింటు కూడా చేసిందట.

డాక్టరమ్మ గదిలోకి నడిచాను. లోపల ఒక పిల్లికి సూది వేస్తోంది. అయ్యేవరకు ఆగాను, పిల్లి చేసిన తప్పేమీ లేదు కనుక. తర్వాత మొదలుపెట్టాను. ఎదురెండలో నీళ్లరంగు బొమ్మ తగిలిస్తారా, కర్టెన్ వేయమని బొమ్మ ఇచ్చిన రోజే కాగితం మీద రాసిచ్చాను, ఏదీ కర్టెన్ అన్నాను. కాంపౌండర్ గుమ్మంలోంచి తల పెట్టి, మేక తినేసిందమ్మగారూ, ఏడెనిమిదేళ్లవుతోంది అన్నాడు. కర్టెన్ తిన్న మేక బతికిందా అని అడిగాను. బతికిందట, దాని మనవలు కూడా ఇక్కడికే వస్తున్నాయట.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ అంతా విన్నది. విని, గొంతు పెంచకుండా, ఎండ వల్లయితే ఆవు ఎందుకు పోలేదు ఆంటీ, అంది.

బొమ్మను దుప్పట్లో చుట్టుకుని ట్యాక్సీలో తెచ్చేశాను.

జూన్ 6

ఆవును వేసింది మట్టిరంగులతో. మట్టి ఎక్కడికీ పోదు. ఆ మాట నాకు తెలుసు, డాక్టరమ్మకు తెలియదు. తెలియని మనిషి సరైన ప్రశ్న అడిగితే వచ్చేంత కోపం ఇంక దేనికీ రాదు.

ఆయన బొమ్మను గోడకు ఆనించి, దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసి, దూడేదే అన్నారు. మేక తినేసింది అన్నాను. ఆ అని ఊరుకున్నారు.

జూన్ 8, శనివారం, మధ్యాహ్నం రెండు

అలమార పై అరలోంచి పాత రంగుల నోట్‌బుక్కులు దింపాను. ఎందుకు దింపుతున్నానో తెలిసే దింపాను.

కొత్త ట్యూబు కొన్నప్పుడల్లా నాకొక పద్ధతి. ఆ రంగును కాగితం మీద పట్టీలాగా పూస్తాను. ఆరాక పట్టీని రెండుగా కోస్తాను. ఒక సగం నోట్‌బుక్కులో, చీకట్లో. రెండో సగం కిటికీ అద్దానికి, ఎండలో. ఏడాదయ్యాక రెండూ పక్కపక్కన అంటించి చూస్తాను. నిలిచిన రంగును వాడతాను, నిలవనిదాన్ని పారేస్తాను. ఆదివారం క్లాసుకొచ్చే ప్రతి ఒక్కరి చేతా ఇదే చేయించాను. చేయనివాళ్లను నానా మాటలూ అన్నాను.

ముప్ఫై నాలుగో పేజీ. గులాబీ. చీకట్లో ఉన్న సగం ఇంకా బుగ్గ మీద ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టుంది. ఎండలో ఉన్న సగం ఉత్త కాగితం. కింద నా చేతిరాతే. "మోసగత్తె. వాడకూడదు." తేదీ కూడా ఉంది. దూడను వేయడానికి ఎనిమిది నెలల ముందు.

తెలియక చేశానని ఇక ఎవరికీ చెప్పలేను.

కిటికీ కాదు. మేక కాదు. రంగుల కంపెనీ కూడా కాదు. వాళ్లు ట్యూబు మీద నిలకడకు ఒక్కటంటే ఒక్క చుక్క పెట్టి, ఇది నిలవదు తల్లీ అని చెప్పనే చెప్పారు. పంతొమ్మిదేళ్లుగా ఆ హాల్లో నా పేరు వేలాడుతోంది, దాని పక్కన నా మోసం రోజుకింత కరుగుతోంది. ఇంతసేపూ డాక్టరమ్మ మీద, కుక్కపిల్ల మీద, మేక మీద అరిచాను. ఇప్పుడు అరవడానికి మనిషి దొరికింది, అద్దంలో.

ఆ దూడ పుట్టిన ఉదయం నేనక్కడున్నాను. పాలవాడి కొట్టం. ఇంకా తడి ఆరలేదు, ఒంట్లోంచి ఆవిరి లేస్తోంది, అప్పుడే సూర్యుడు లేచి దాని చెవుల్లోంచి వెలుతురు ఇవతలికి వచ్చింది. చెవులు నిప్పుల్లా ఉన్నాయి. ఇంటికొచ్చి నాలుగు ఎరుపులు కలిపి చూశాను. నాలుగుసార్లూ నెల రోజుల దూడే వచ్చింది, గంట క్రితం పుట్టిన దూడ రాలేదు. సొరుగులో ఆ గులాబీ ఉంది. దూడ మొత్తం దానితోనే వేశాను. పైన కాస్త పసుపు, అదీ ఈ గులాబీకి తోబుట్టువే, నిలవనిదే. పది నిమిషాల్లో కాగితం మీది దూడ లేచి నిలబడుతుందేమో అన్నట్టు వచ్చింది.

ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. యాభై రెండేళ్ల మనిషిని. ఇది వెలిసేనాటికి నేనుంటానా ఏమిటి అనుకున్నాను. ఉన్నాను.

జూన్ 9, ఆదివారం

క్లాసు లేదని అందరికీ మెసేజ్ పెట్టాను. కారణం రాయలేదు.

నిన్న ఒక సంగతి రాయకుండా వదిలేశాను. ఈ డైరీలో నా దగ్గర నేనే దాచుకుంటే ఇంక డైరీ ఎందుకు. నేను కొన్న గులాబీని పరీక్ష కాగానే పారేశాను. మరి సొరుగులో ఉన్నది ఎవరిది?

క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అనేది. అందరం ఎందుకమ్మ అని పిలిచేవాళ్లం. ఒక ఆదివారం అదే గులాబీతో మందారాలు వేసుకొచ్చింది. పన్నెండుమంది ముందు ట్యూబు లాక్కున్నాను. చూసేవాళ్లను మోసం చేసేదానివి నీకు బ్రష్ ఎందుకన్నాను. ఏడుస్తూ బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. ఏడాది బ్రష్ పట్టలేదని తర్వాత ఎవరో చెప్పారు.

ఆ ట్యూబే.

జూన్ 11, మంగళవారం

ఎందుకమ్మకు ఫోన్ చేశాను. ఇప్పుడు బడిలో డ్రాయింగ్ టీచరు, నలభై దాటాయి. ఫోన్లో మాత్రం ఇంకా నా గొంతు వినగానే టీచర్ అంటూ లేచి నిలబడినట్టు వినిపిస్తుంది.

ఆసుపత్రి బొమ్మలో దూడ పోయిందని చెప్పాను. తెలుసు టీచర్ అంది. పిల్లికి సూది వేయించడానికి మూడేళ్ల క్రితం వెళ్లిందట. చూడగానే ఏ రంగో పోల్చుకుందట. ముందు నవ్వొచ్చిందట. బెంచీ మీద కూర్చున్నాక నవ్వు పోయిందట. మరి చెప్పలేదేం అన్నాను. మీరు తిడతారని అంది.

మూడేళ్లు. ఊడ్చే మనిషికి తెలుసు, కాంపౌండర్‌కు తెలుసు, పిల్లిక్కూడా తెలుసు. నాకు భయపడి నా తప్పు నాకు చెప్పేవాళ్లు లేకుండా పోయారు. బతికినన్నాళ్లూ నోరు ఇంత పదును పెట్టుకున్నందుకు ఫలితం ఇదన్నమాట.

ట్యూబు సంగతి కూడా చెప్పాను. మీరెందుకు పారేయలేదు టీచర్ అంది. వెతికి వెతికి, అది అందంగా ఉంది కాబట్టి అన్నాను. ఆ రోజు నేనూ అదే చెప్పానుగా అంది.

చెప్పింది. దానికి నేనిచ్చిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇక్కడ రాయను.

క్షమించమన్నాను. సరేలెండి టీచర్ అంది. సరేలెండి అంటే క్షమించినట్టు కాదు. ఆ మాత్రం తెలుగు నాకు వచ్చు.

జూన్ 12

గాడిదను వేశాను. బాగా కుదిరింది. ఈ వారం గాడిదకూ నాకూ బాగా కుదురుతోంది.

జూన్ 14, శుక్రవారం

రెండు రోజులుగా దూడలే. నిలిచే ఎరుపులతో, చిత్తు కాగితాల మీద. ఎనిమిది వేశాను, ఎనిమిదీ బాగున్నాయి. చెయ్యి ఇంకా వణకదు. పంతొమ్మిదేళ్ల క్రితం రాని తడి కూడా ఇప్పుడు వచ్చింది, నాలుగు పూతలు ఓపిగ్గా వేస్తే వస్తుందది. అప్పుడు పది నిమిషాల్లో కావాలనుకున్నాను, అంతే.

బొమ్మను ఫ్రేములోంచి తీసి బల్ల మీద పెట్టుకున్నాను. ఆయన కాఫీ తెచ్చి పెట్టి, వెనక నిలబడి, ఎనిమిది దూడలనూ చూసి, ఆ మూడోది బాగుంది, దాన్నే ఇందులో వేసెయ్యవే, ఎవరికి తెలుస్తుంది అన్నారు.

యాభై ఏళ్ల కాపురంలో మొదటిసారి, నేనన్నది ఆయనకు రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. వీధి చివరి బట్టల షాపువాళ్లకు కూడా రాలేదు.

బొమ్మను మళ్లీ ఫ్రేములో పెట్టేశాను. కాఫీ చల్లారింది. ఆయన మళ్లీ వేడిచేసి తెచ్చారు. ఆ మనిషి మీద అరిచినందుకు ఇంకా మంటగా ఉంది.

జూన్ 17, సోమవారం, సాయంత్రం

కాంపౌండర్ ఇంటికొచ్చాడు. డాక్టరమ్మకు చెప్పకుండా వచ్చాడట. దూడను వేస్తున్నారా అమ్మగారూ అన్నాడు. ఏం అన్నాను. వేయకండి అన్నాడు.

ఆ బొమ్మ కింది బెంచీ మీద కూర్చునేది ఎక్కువగా లోపల పని అయిపోయినవాళ్లట. అంటే, కుక్కతో వచ్చి కుక్క లేకుండా వెళ్లేవాళ్లు. ఒక ముసలాయన ముప్ఫై ఏళ్ల గుర్రాన్ని పోగొట్టుకుని మూడు రోజులు వరసగా వచ్చి అక్కడే కూర్చున్నాడట. దీన్ని వేసినామెకు తెలుసు అన్నాడట. అందరూ నేను కావాలనే అలా వేశాననుకుంటున్నారట.

వెళ్లిపొమ్మన్నాను. తర్వాత పిలిచి కూర్చోబెట్టి టీ ఇచ్చాను. అయినా మండుతూనే ఉంది. నేను వేసిన దూడను ఒక్కరూ ఇంతగా మెచ్చుకోలేదు. వేయనిదానికి మూడు రోజులు కూర్చుని మెచ్చుకున్నారు. అబద్ధపు రంగు వేసి ఒక పేరు, అది పోయి ఇంకో పేరు. రెండూ నావి కావు. డాక్టరమ్మ వేయమంటుంది, కాంపౌండర్ వద్దంటాడు. నన్ను మాత్రం జరిగిందేమిటని ఎవరూ అడగరు.

అడక్కపోతే నేనే చెబుతాను.

జూన్ 20, గురువారం

బొమ్మ తీసుకుని ఆసుపత్రికి వెళ్లాను. ఫ్రేము కింద అంటించడానికి అట్టముక్క మీద నల్లసిరాతో రాసి తీసుకెళ్లాను.

"ఇక్కడ అప్పుడే పుట్టిన దూడ ఉండేది. నిలవదని తెలిసీ ఆ రంగు వాడాను. ఆ రంగు నా విద్యార్థిని దగ్గర లాక్కున్నది. ఆమెను మోసగత్తె అని నేను అన్న ఏడాదే దీన్ని వేశాను." కింద నా పూర్తి పేరు. సంతకం కాదు, అందరూ చదవగలిగేలా.

డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. జబ్బుపడ్డ పశువులతో వచ్చేవాళ్లకు ఇవన్నీ ఎందుకండీ అంది. మీ పేరు పోతుంది కదా అంది. పోనీ, దూడ పోలేదా అన్నాను. ఇది ఆసుపత్రి, ఎగ్జిబిషన్ కాదంది. అందుకే ఇక్కడ పెడుతున్నాను, ఎగ్జిబిషన్‌లో ఎవరూ నిజంగా కూర్చోరు అన్నాను. అరగంట వాదించుకున్నాం. మాట పడదు ఆ పిల్ల. ఆ మాత్రం పొగరు ఉండాల్సిందే. మధ్యలో ఎక్కడో ఆంటీ మానేసి మీరు అనడం మొదలుపెట్టింది.

చివరికి ఒప్పందం. బొమ్మ ఎండ రాని లోపలి గోడకు, బెంచీ కూడా దాని కిందికి. అట్టముక్క ఉంటుంది. పడమటి కిటికీ ఎదుట కుక్కపిల్ల. ఎన్నాళ్లు నవ్వుతుందో నేనూ చూస్తాను.

ఇంటికొచ్చి అట్టముక్క ఫొటో ఎందుకమ్మకు పంపాను. చూసినట్టు టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

జూన్ 29, శనివారం

మేకు సరిగ్గా కొట్టారో లేదో చూడ్డానికి వెళ్లి బెంచీ చివర కూర్చున్నాను. లోపలినుంచి ఒకావిడ ఖాళీ గొలుసు చేతికి చుట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపటికి తలెత్తి అట్టముక్క చదివింది. ఇది రాసిందెవరో తెలుసా అంది. నేనే అన్నాను. తిడుతుందని ఎదురుచూశాను. దూడ ఏ వైపుకు పడుకుని ఉండేదండీ అంది. తల ఎడమకు, కాళ్లు కడుపు కిందికి మడిచి అన్నాను. ఆవిడ ఆ ఖాళీ వైపు చూసి, బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది, ఇంకెవరో కూర్చోబోతున్నట్టు.