రాతిపొడి టైల్స్

మంగళవారం, ఆళ్లగడ్డ

ఈరోజు వదినా నేనూ నంద్యాల వెళ్లి, టైల్స్ షాపు శెట్టిగారికి మా టైల్స్ చూపించాం. ఇక్కడి శిల్పుల షెడ్లలో రాలే రాతిపొడిని సిమెంటుతో కలిపి మేమే అచ్చు పోసినవి. ఆయన ఒకదాన్ని నేలకేసి తట్టి చూశాడు.

"గట్టిగానే ఉందమ్మా. మళ్లా తెచ్చేటివి గూడా ఇదే రంగులో వస్తాయా?"

రావని చెప్పాను. రాయి మారితే పొడి రంగూ మారుతుంది.

"అట్లయితే ఒకే గదిలో సగం ఒక రంగు, సగం ఇంగో రంగు ఎవరు పరిపిచ్చుకుంటారు?"

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ బాధేసింది. టైల్స్ తయారీ శిక్షణలో మాకు జల్లెడ పట్టడం, కలపడం, అచ్చు పోయడం నేర్పారు. పారేసే పొడి పనికొచ్చే వస్తువైతే చాలనుకున్నాను. ప్రతిసారీ ఒకే తీరుగా చేయడం ఎవరూ నేర్పలేదు. నాకూ తట్టలేదు.

బస్సు దిగి నేరుగా షెడ్డుకు పోయాం. నల్లరాతి పొడి వేరుగా, తెల్లరాతి పొడి వేరుగా పోయమని పెద్ద శిల్పిని అడిగాను.

"యాడ కుదురుతాదమ్మా? మేం బొమ్మలు చెక్కాల్నా, దుమ్ము ఏరుకోవాల్నా?"

మేం అక్కడ ఉండగానే ట్రాక్టరు వచ్చి ఆ పొడినంతా కలిపి ఎత్తుకుని, వంకలో పోయడానికి వెళ్లింది.

ఈ పనిలోకి వదినను దింపింది నేనే. ఇంటికొచ్చాక తను నెమ్మదిగా చెప్పింది: "రేపు నేను మిరపకాయల కోతకు పోతాండా సుజాతా. నువ్వు గూడా రా."

రానని చెప్పలేకపోయాను.