పెన్సిల్ కళ్లద్దాలు

మంగళవారం, వన్-నార్త్ ఆఫీసుల పేట నుంచి వచ్చాక

మధ్యాహ్నం సాఫ్ట్‌వేర్ కంపెనీ లాబీలో వాయించాం. భోజనాల వేళ కచేరీ పెట్టించడం ఇప్పుడు ఈ కంపెనీలన్నిటికీ మోజు. జనం టిష్యూ ప్యాకెట్లు పెట్టి కుర్చీలు చోప్ చేసుకుని, అంటే ముందే పట్టేసుకుని మరీ విన్నారు. నా చూపు మాత్రం స్టాండు మీదే ఉంది.

వయొలిన్లలో నాకూ, లీ హ్వా అనే పిల్లకీ ఒకటే స్టాండు, ఒకటే స్వరాల పుస్తకం. పేజీ తిప్పేదీ, పెన్సిల్‌తో గుర్తులు పెట్టేదీ ఆ పిల్లే. ఇవాళ నాలుగు చోట్ల చిన్న కళ్లద్దాల బొమ్మలు కనిపించాయి. మా వాళ్ల లెక్కలో అది 'తలెత్తి చూడు' అని. ఎవరిని చూడాలి? మా చిన్న ఆర్కెస్ట్రాకి కండక్టరే లేడు. ఆ నాలుగు చోట్లా ముందు మొదలుపెట్టేది నేనే.

అడిగితే, "నథింగ్ లా, అంకుల్" అంటూ పెన్సిల్ జేబులో పెట్టేసుకుంది. నా తప్పులు లెక్కపెడుతోంది. నా కుర్చీ మీద కన్నేసింది.

మా ఆవిడ పద్మకి చెప్తే ఎదురు నన్నే అడిగింది. "తొమ్మిదేళ్ల నుంచి పక్కన కూర్చునే పిల్లని అనుమానిస్తారా? ముందు మీ వేళ్లు పట్టేస్తున్నాయని మీ ఆర్కెస్ట్రా వాళ్లకి చెప్పారా?"

చెప్పలేదు. పద్మకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ బొమ్మలు చెరిపేద్దామని పుస్తకం ఇంటికి తెచ్చాను. టేబుల్ లైటు కింద చూస్తే, పాత పేజీల నిండా చెరిపేసిన కళ్లద్దాల మచ్చలు. ఇవాళ చెల్లో వాయించే అతను కూడా నా కమాను కదిలేదాకా నన్నే చూస్తూ ఆగాడు.

ఎన్నాళ్ల నుంచి నా వేళ్ల కోసం ఆగుతున్నారు వీళ్లంతా?

రబ్బరు పక్కన పెట్టేశాను.