పనసచెట్టు మీది గోళ్ళ గీతలు

అటవీ రేంజి అధికారి గారి సముఖమునకు,
కొత్తపేట మండలం పెదగూళ్ళలంక కాపురస్థుడు గుత్తుల జగ్గారావు వ్రాసుకొన్న అర్జీ. సెప్టెంబరు, 2006.

విషయం: మా దొడ్డిలోని పనసచెట్టు బెరడుపై పడిన గోళ్ళ గీతలు ఏ జంతువువో తేల్చి, నా భార్యకు కాగితముపై వ్రాసి ఇప్పించుట గురించి.

అయ్యా,

1. వరద తీసిన తరువాత మా పనసచెట్టు మొదలుపై నాలుగేసి గీతలు కనబడినవి. నేను చెయ్యి పైకెత్తితే గాని అందవు. పిల్లికి అంత ఎత్తు అందదు. వరదలో ఏజెన్సీ కొండల నుండి ఏదో కొట్టుకొచ్చి మా లంకలో దిగినదని నా అనుమానము. దాని పేరు వ్రాయుటకు నాకు చెయ్యి ఆడుటలేదు. చిరుత.

2. పనస బెరడు చీలితే పాలు కారుట తమరికి తెలిసినదే. మా ఊరివారు ఆ పాలు చూచి అమ్మవారు వెలసినదని, గీతలు ఆవిడ వాహనానివని తేల్చి, వాటిపై దట్టముగా పసుపు మెత్తినారు. ఆ తరువాత తమ గార్డు బుచ్చిరాజు గారు వచ్చి చెట్టు చుట్టూ తిరిగి, "పసుపు తప్ప నాకేం కనబడట్లేదండి. పసుపు ఏ జంతువుదని రాయమంటారు?" అని వెళ్ళిపోయినారు. నేను కడగబోతే ఊరంతా నా మీదికి వచ్చినది.

3. పొరుగింటి ఎలీసమ్మ గారి మేక మాయమైనది. అమ్మవారు తనంతట తానే మొక్కు తీసుకొన్నదని అందరూ సంతోషించినారు. "మొక్కు నాది కాదండి. మేక మాత్రం నాదేనండి" అని ఆమె ఏడ్చినది.

4. చీకటిపడ్డాక దొడ్డిలోకి పోవలసిన అవసరము రాకుండుటకై నేను సాయంత్రము నుండి మంచినీళ్ళు త్రాగుట మానివేసియున్నాను.

5. అసలు సంగతి ఇది. నా భార్య వీరలక్ష్మి రోజూ దీపాలవేళ ఒంటరిగా ఆ చెట్టు కిందికి పోవుచున్నది. వద్దని కాళ్ళు పట్టుకొన్నాను. అయ్యా, నిజముగానే పట్టుకొన్నాను. "పిల్లల్లేని ఇల్లని జాలిపడే కదండీ అమ్మ మన దొడ్లోకి వచ్చింది. నేను తలుపేసుక్కూర్చుంటే ఏమనుకుంటాదండి?" అన్నది.

నా మాట వినని మనిషి సర్కారు ముద్ర చూస్తే వింటుంది. ఈ ఉదయం పసుపు పక్కనే కొత్త గీతలు పడినవి, పాలు ఇంకా ఆరలేదు. మళ్ళీ పసుపు పడకముందే తమరు స్వయముగా వచ్చి చూడవలెనని ప్రార్థన. ఆలస్యము చేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గుత్తుల జగ్గారావు

మనవి: సంతకము పెట్టేసరికి దీపాలవేళ అయినది. ఒక్కదాన్నే పంపలేక నేనూ వెంట వెళ్ళినాను. ఆమె కళ్ళు మూసుకొని దండం పెడుతుంటే, వెనకాల నిలబడి కొమ్మల్లోకి చూస్తున్నాను. ఆమె ఇటు తిరిగి, నేనూ దండం పెట్టడానికే వచ్చాననుకొని నవ్వింది. అలా నవ్వి ఎన్నేళ్ళయిందో. అయ్యా, కాగితం వద్దు. బోను పంపించండి. దాన్ని చప్పుడు కాకుండా తీసుకుపోండి. అది ఏమిటో వీరలక్ష్మికి మాత్రం చెప్పకండి.