వదిన ఉన్న మేడ మీద డ్రోన్

ఏప్రిల్ 6
డ్రోన్ వచ్చింది! అరచేతిలో పట్టేంత. పావుకిలో కూడా లేదు, లైసెన్సు అక్కర్లేదు. రూల్సు నోట్‌బుక్‌లో ఎక్కించాను — మ్యాప్‌లో విమానాశ్రయం వైపు ఎరుపు, ఊరి చివర మా కాలనీ ఆకుపచ్చ. కంటికి ఆనేంత దూరమే. గుంపు మీద వద్దు. చదివి వినిపిస్తే అన్నయ్య నవ్వు... "రూల్సు జదువనీకే పుట్టినవ్ రా నువ్వు."

ఏప్రిల్ 9
గాలి. ఎగరేయలేదు. రూలు రూలే.

ఏప్రిల్ 13
మా మేడ మీద పాపడాలు. పాపడాలు పెట్టే రోజు మగవాళ్ళం మెట్లెక్కం, గల్లీ అంతా అదే పద్ధతి. నేనూ ఎక్కలేదు. గుంపు మీద ఎగరేయకూడదు కనుక ఆడవాళ్ళు అన్నానికి దిగేదాకా గల్లీ చివరి మైదానంలో ఆగి మరీ లేపాను. దూరంగా గోదావరి, కింద వరసగా పాపడాలు... ఎంత బాగుందో! కాస్త దింపి దగ్గరగా తీశాను. గల్లీ గ్రూపులో పెట్టేశాను.

అదే రోజు, సాయంత్రం
పక్కింటాయన మెసేజ్ — "ఆ గుండు ఎవరిది?" పక్కన నవ్వు బొమ్మ.
వదిన. కాకులకు కాపలాగా ఒక్కతే ఉండిపోయిందట. స్కార్ఫ్ తీసేసింది. మందులకు జుట్టు రాలిన సంగతి పది నెలలుగా ఇంటి గడప దాటలేదు. నేను దాటించాను.
వీడియో తీసేశాను. అప్పటికే అందరూ చూశారు.

ఏప్రిల్ 14
అన్నయ్య టీ తాగకుండానే బయటికి వెళ్ళిపోయాడు. వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను. "వదినా, చూసుకోకుండా..."
"ఎరుకే తమ్మీ. ఎవరు లేరని, జర గాలి తగలనీ అని తీసిన."
తలకొట్టేసినట్టయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 15
డ్రోన్ డబ్బాలో వచ్చిన రూల్సు కాగితం మళ్ళీ చదివాను. చివర్లో ఉంది — ఒప్పుకోనివాళ్ళ ఇళ్ళ మీద వీడియో తీయరాదు. అప్పుడూ చదివాను. మన ఇల్లే కదా అని రాసుకోలేదు. సిగ్గుగా ఉంది, నా నోట్‌బుక్ చూస్తే నాకే.

ఏప్రిల్ 17
పక్కింటావిడ పరామర్శకు వచ్చింది. వదిన పడుకున్నానని చెప్పించింది. పడుకోలేదు.

ఏప్రిల్ 20
డ్రోన్ అమ్మకానికి పెట్టాను. అలా చేస్తే ఏదో తగ్గుతుందని...
వడియాల పిండి గిన్నెతో వదిన మెట్ల దాకా వచ్చింది. స్కార్ఫ్ బిగించి కట్టుకుంది. మొదటి మెట్టు మీద ఆగి పైకి, ఆకాశం వైపు చూసింది.
"పైన ఏం లేదు వదినా," అన్నాను.
"ఉన్నా నాకు కనవడదు గద తమ్మీ."
లోపలికి వెళ్ళిపోయింది. గిన్నె ఇంకా మెట్టు మీదే ఉంది.